రెండు మార్కుల ఆల్బం

ఈ ఆదివారం పొద్దున కాఫీ తాగి, చేతులు కడుక్కుని, స్పీకరు కోనుకు జిగురు పూయడానికి కూర్చున్నాను. ఎడమ పక్క పెట్టె పది రోజులుగా సతాయిస్తోంది. లోతైన స్వరం ఏది వచ్చినా దాని వెనకాలే సన్నగా జుర్రుమంటోంది. మరలు విప్పి, ముందు పలక తీసి చూస్తే అనుకున్నదే, కాగితపు కోను అంచు గోరంత మేర పట్టు వదిలేసింది. నల్ల జిగురు డబ్బా మూత తీశానో లేదో, వాసన గదంతా కమ్ముకుంది. కాస్త పెట్రోలు, కాస్త కాలిన రబ్బరు, అడుగున ఎక్కడో కొంచెం తీపి. మా ఆయన కిటికీలు తెరిచి, పేపరు చంకన పెట్టుకుని వరండాలోకి వెళ్ళిపోయాడు. నేను మాత్రం చిత్తూరు బజారు వీధి వెనక సందులో, అబ్బాస్ మామ అంగడి గడప మీద నిలబడి ఉన్నాను.

ముందు నా సంగతి చెప్పాలి. నేను తిరుపతిలో జూనియర్ కాలేజీ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. సెలవు రోజుల్లో మెటల్ ఆల్బమ్‌లు విని, వాటి మీద రాసి, పదికి ఇన్ని అని మార్కులు వేస్తాను. మెటల్ అంటే లోహం కాదు, ఒక రకం సంగీతం. అందులోనూ నాకు ఇష్టమైనవి దాని మొండి శాఖలు. పాడేవాడు పాడడు, కడుపులోంచి గర్జిస్తాడు. డ్రమ్ములు వాయించేవాడు రెండు కాళ్ళతోనూ కుట్టుమిషను తొక్కినట్టు తొక్కుతాడు. తాళం నాలుగు దెబ్బల్లో తేలిపోదు, ఏడుకో పదకొండుకో పోయి, మనం లెక్క మరిచాక తిరిగి వస్తుంది. చీర కట్టుకుని, తలలో కనకాంబరాలు పెట్టుకుని కాలేజీకి పోయే మనిషి ఇది వింటుందంటే ఇప్పటికీ ఎవరూ నమ్మరు. నమ్మించే ఓపిక నాకూ పోయింది. కానీ పదేళ్ళకు పైగా రాస్తున్నాను, ఎక్కడెక్కడి దేశాల వాళ్ళో చదువుతున్నారు, బ్యాండ్ల వాళ్ళు తమ ఆల్బమ్ ముందుగా నాకు పంపుతున్నారు. ఈ వినడం నాకు నేర్పింది ఇంగ్లీషు ముక్క రాని, గిటారు ఎప్పుడూ ముట్టని ఒక స్పీకర్ల రిపేరు మనిషి. ఆయన పోయి నాలుగేళ్ళయింది.

మా నాయనకు చిత్తూరులో మైకు సెట్ల అంగడి ఉండేది. పెళ్ళిళ్ళకు, తిరునాళ్ళకు, ఎలక్షన్లకు బాడుగకు ఇచ్చేవాడు. సీజను అయిపోయేసరికి సగం స్పీకర్లు గొంతు పోయి తిరిగొచ్చేవి. వాటికి కొత్త కోన్లు వేసేవాడు అబ్బాస్ మామ. ఆయన అసలు పేరు అబ్బాస్ అలీ. వాళ్ళ తాతల కాలంలో డోళ్ళకు, మద్దెలలకు తోలు మూసేవాళ్ళట, మైకులొచ్చాక వాళ్ళ నాయన స్పీకర్లకు మారాడట. తోలు పోయి కాగితం వచ్చింది, పని ఒకటే అనేవాడు మామ. పొడుగాటి మనిషి, ఎప్పుడూ తెల్ల బనీను, గళ్ళ లుంగీ, కుడి చూపుడువేలి గోరు మాత్రం పెంచుకునేవాడు. ఆ గోటిని మోగుతున్న కోను మీద అతి సుతారంగా ఆనించి కళ్ళు మూసుకునేవాడు. చెవి కన్నా ముందు గోటికి తెలుస్తుందట.

నేను డిగ్రీ మొదటి సంవత్సరంలో ఉండగా ఒకరోజు నాయన పంపితే స్పీకర్లు తీసుకురావడానికి పోయాను. వేసిన కోన్లను మోగించి చూపించందే మామ ఎవరికీ ఇచ్చేవాడు కాదు. ఆ రోజు ఆయన దగ్గరున్న సినిమా పాటల మెమరీ కార్డు పాడైపోయింది. "నీ ఫోన్లో ఏమన్నా పాటలుండాయా పాపా" అన్నాడు. నా ఫోన్లో ఉన్నవన్నీ మెటలే. సిగ్గుపడుతూనే ఒకటి పెట్టాను. సందులో పోయే ఇద్దరు ఆగి, ఎవరికో ఏదో అయిందన్నట్టు లోపలికి తొంగి చూశారు. మామ గోరు కోను మీద ఆనించి, పాట మొత్తం, ఎనిమిది నిమిషాలు, కదలకుండా కూర్చున్నాడు. అయిపోయాక కళ్ళు తెరిచి, "ఆ పిల్లోనికి ఏం కష్టమొచ్చినాది పాపా?" అని అడిగాడు.

"కష్టమేం లేదు మామా, పాడే పద్ధతే అది."

"ఊరికే ఎవురూ అట్ల అరవరులే. ఇంగొకటి పెట్టు. ఇది మంచి సరుకు. సినిమా పాటైతే కోను తప్పు దాచిపెడతాది. ఈ గోల దాచదు."

అప్పటి నుంచి స్పీకర్లను పరీక్షించడానికి మామకు నా పాటలే కావలసి వచ్చాయి. ఒక చిన్న కార్డులో ఎక్కించి ఇచ్చాను. ఆ కార్డు మీద ఇంకుతో 'గోల' అని రాసుకున్నాడు. తర్వాత 'గోల రెండు', 'గోల మూడు' వచ్చాయి. గుడి కమిటీ వాళ్ళు, మసీదు వాళ్ళు, పార్టీల వాళ్ళు, అందరి స్పీకర్లూ చిత్తూరులో ఆ ఏళ్ళలో డెత్ మెటల్ మీదే పాసయ్యాయి. ఆ సంగతి వాళ్ళకు తెలియదు, మామకూ నాకూ తెలుసు. మేమిద్దరం దాని గురించి చాలాసార్లు నవ్వుకున్నాం.

నేను ఇంటర్నెట్‌లో ఆల్బమ్‌లకు మార్కులు వేస్తున్నానని చెబితే ఆయనకు భలే సరదా వేసింది. అంతలోనే కుదురుగా కూర్చోబెట్టి పరీక్ష మొదలుపెట్టాడు. గోల రెండులోని మొదటి ఆల్బమ్‌కు ఎన్ని వేశావన్నాడు. నాలుగన్నాను. ఎందుకన్నాడు. బాగలేదన్నాను.

"బాగలేదని మా ఇంటి పక్క మేక గూడా సెప్తాది. నీకు ఏం ఇనపడింది, అది సెప్పు."

అప్పుడు ఆయన తన పద్ధతి చెప్పాడు. ఆల్బమ్‌ను మొదట్నుంచి చివరిదాకా ఒకసారి వినడాన్ని ఆయన సుట్టు అనేవాడు. ఒక సుట్టంతా డ్రమ్ములు మాత్రమే వినాలి, మిగతావి వద్దు. రెండో సుట్టు అడుగున నడిచే బేసు గిటారు. మూడో సుట్టు పైన గిటార్లు, నాలుగో సుట్టు గొంతు. అయిదో సుట్టు ఏమీ పట్టించుకోకుండా, పని చేసుకుంటూ వినాలి. చేతిలో పని ఎక్కడ ఆగిందో అక్కడ పాటలో ఏదో ఉన్నట్టు. అయిదు సుట్లు కాకుండా నోరు తెరవకూడదు. నేను కష్టపడి నేర్చుకున్నాను. మొదట్లో డ్రమ్ములు మాత్రం విందామని కూర్చుంటే రెండు నిమిషాల్లో మనసు గిటారు వెంట పరిగెత్తేది. మామ ఎదురుగా కూర్చుని నా ముఖం చూసి పట్టేసేవాడు. "జారినావు. మొదట్నుంచి పెట్టు" అనేవాడు.

ఆయనకు ఇంకొక అలవాటు ఉండేది. బాగుచేసిన ప్రతి స్పీకరు వెనక, అయస్కాంతం మీద, తెల్ల పెన్సిలుతో ఏం పోయిందో, ఏం చేశాడో రెండు ముక్కలు రాసేవాడు. తన తప్పయితే తన తప్పనే రాసేవాడు. ఒకసారి నేనే చదివాను. 'కాయిలు వంకరగా పెట్టినాను. మళ్ళీ తీసి పెట్టినాను. అబ్బాస్.' పెట్టెలో బిగించాక దాన్ని ఎవరు చూస్తారు మామా అని అడిగాను.

"ఇంగోడు ఇప్పుతాడు గదా. వానికి తెల్లాల."

నేను మాత్రం ఆ రోజుల్లో తప్పులు రాసుకునే రకం కాదు. నా బ్లాగులో నా పేరు 'రంపం'. మగవాడినని అందరూ అనుకునేవాళ్ళు, నేను కాదనలేదు. పేరుకు తగ్గట్టే కోసేదాన్ని. పొగిడితే పదిమంది చదివేవాళ్ళు, కోస్తే వందమంది. పంతొమ్మిదేళ్ళ వయసులో ఆ రుచి మరిగితే వదలడం కష్టం. ఒక్క వాక్యంలో బ్యాండును బోల్తా కొట్టించే మాట దొరికితే ఆ రోజంతా నాకు అన్నం కూడా ఎక్కువ సహించేది. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది, కానీ అప్పుడు అలానే ఉన్నాను.

రెండో సంవత్సరంలో తిరుపతి నుంచి ఒక సీడీ వచ్చింది. నలుగురు కుర్రాళ్ళ బ్యాండు, పేరు ఎర్రదుంగ. 'ఎర్రదుంగలు వస్తున్నాయి' అని గోడల మీద పోస్టర్లు వేసుకుంటే ఎర్రచందనం దొంగరవాణా అనుకుని ఫారెస్టు వాళ్ళు వచ్చి విచారించి పోయారని ఒక కథ ప్రచారంలో ఉండేది. నిజమో, వాళ్ళే పుట్టించారో తెలియదు. మన జిల్లాలో ఇలాంటి సంగీతం చేసి, ఆల్బమ్‌గా తెచ్చినవాళ్ళు నాకు తెలిసి వాళ్ళే మొదలు. దాని మీద రాయగలిగినదాన్ని చుట్టుపక్కల నేను ఒక్కదాన్నే. సీడీతో పాటు ఒక చీటీ కూడా ఉంది. 'అన్నా, మీరు రాస్తే చాలు' అని. రాసింది డ్రమ్ములు వాయించే మునిరత్నం.

సీడీ రావడానికి ముందు రోజే నేను సొంతంగా స్పీకర్లు అమర్చుకున్నాను. అంతకుముందు అన్నీ ఇయర్‌ఫోన్లలో వినేదాన్ని. నాయన పక్కన పడేసిన రెండు పెద్ద పెట్టెలు, ఒక పాత ఆంప్లిఫయరు బతిమాలి తెచ్చుకుని, మేడ మీద గదిలో పెట్టి, మైకు సెట్ల తీగతో నేనే కలిపాను. తీగలు కలపడం నాకు పదేళ్ళప్పుడే వచ్చు. నాయన నేర్పాడు. స్తంభం స్తంభానికి ఒక హారను కట్టే పనిలో రెండు తీగల్లో ఏది ఎటు కలిపినా ఒకటే, మాట వినిపిస్తుంది. "యాడ తగిలించినా పలుకుతాదిమే, బిర్రుగా మెలెయ్, సాలు" అనేవాడు. ఆ తీగ కూడా రెండు పాయలూ ఒకే రంగు. బిర్రుగానే మెలేశాను. పలికాయి. మురిసిపోయాను.

ఆ కొత్త పెట్టెల్లో నేను పెట్టిన మొదటి ఆల్బమ్ ఎర్రదుంగది. అడుగున లోతు అనేదే లేదు. గిటార్లు దోమల మాదిరి పైన తిరుగుతున్నాయి, డ్రమ్ములు రేకు డబ్బా మీద కొట్టినట్టున్నాయి, కాళ్ళతో తొక్కే పెద్ద డ్రమ్ము ఉందో లేదో తెలియడం లేదు. ఒకసారి మొత్తం విన్నాను, రెండోసారి సగంలో ఆపేశాను. మనవాళ్ళు కదా అని ఊరుకుంటే రంపానికి పరువు తక్కువ అనుకున్నాను. ఆ సాయంత్రమే రాసేశాను. నాలుగో పాటను సాగదీశారన్నాను, మాటలు అర్థం కావన్నాను, చివరికి, 'ఈ బ్యాండు డ్రమ్మరుకు చేతులు మాత్రమే ఉన్నాయి, కాళ్ళు లేవు' అన్నాను. పదికి రెండు.

మరునాడు మామ దగ్గరికి పోయి తెలుగులోకి మార్చి చదివి వినిపించాను. మామ నవ్వలేదు. "ఎన్ని సుట్లు ఇన్న్యావు?" అన్నాడు.

"అయిదు మామా."

ఆ అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో ఇప్పటికీ గుర్తుంది. ఆయన నా ముఖం చూశాడు, మళ్ళీ పనిలో పడ్డాడు.

ఆ సమీక్ష పాకింది. తిరుపతి కాలేజీ కుర్రాళ్ళు ఆ చివరి వాక్యాన్ని ఫోన్లలో పంచుకున్నారు. మునిరత్నాన్ని ఎక్కడ చూసినా "ఏం రత్నం, కాళ్ళొచ్చినాయా" అని అడిగేవాళ్ళట. ఒక కాలేజీ ఉత్సవంలో వాళ్ళకు ముప్పావు గంట వాయించే అవకాశం వచ్చి ఉంది. నిర్వాహకులు నా సమీక్ష చూపించి వద్దన్నారు. ఇదంతా నాకు అప్పుడే తెలిసింది, బ్లాగు కింద ఎవరో రాశారు. కొంచెం బాధ వేసింది, కొంచెం గర్వం కూడా వేసింది. ఆ గర్వం సంగతి దాచను.

రెండు వారాలయ్యేసరికి నాకే అనుమానం మొదలైంది. నాకు కంఠతా వచ్చిన ఆల్బమ్‌లు కూడా ఆ పెట్టెల్లో పల్చగా, నీళ్ళు కలిపిన మజ్జిగలా వస్తున్నాయి. కోన్లు పోయి ఉంటాయని రెండు పెట్టెలూ, ఆంప్లిఫయరూ, తీగలతో సహా ఆటోలో వేసుకుని మామ అంగడికి పోయాను. ఆయన ఒక్కొక్క స్పీకరునూ విడివిడిగా మోగించాడు. గోరు ఆనించాడు. "కోన్లకేం, రాళ్ళ మాదిరి ఉండాయి" అన్నాడు. తర్వాత నేను ఇంట్లో ఎలా కలిపానో అలానే కలపమన్నాడు. కలిపాను. రెండు పెట్టెల మధ్య నిలబడి కాసేపు విన్నాడు. ఆంప్లిఫయరు దగ్గర తీగలు విప్పి, డ్రాయరులోంచి ఒక టార్చి బ్యాటరీ తీసి, కుడి పెట్టె తీగ కొసలను దాని రెండు చివరలకూ తాకించాడు. టప్పుమని కోను ముందుకు వచ్చింది. ఎడమ పెట్టె తీగ కొసలను అదే వరసలో తాకించాడు. టప్పుమని కోను వెనక్కి పోయింది.

మళ్ళీ ఒకసారి తాకించి చూపించాడు. ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి.

ఒక స్పీకరు గాలిని ముందుకు తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతోంది. లోతైన స్వరాలన్నీ ఒకదాన్నొకటి తినేస్తున్నాయి. అలలు ఎదురైతే ఎలా రద్దవుతాయో ఆ ఏడాదే పరీక్షలో రెండు పేజీలు రాసి మంచి మార్కులు తెచ్చుకున్నదాన్ని. అదే సంగతి నా గదిలో రెండు వారాలు జరుగుతుంటే గుర్తుపట్టలేదు. మామ ఎడమ పెట్టె తీగను తిరగేసి కలిపి, "ఆ పిల్లోళ్ళది పెట్టు" అన్నాడు.

పెట్టాను. అంగడి నేల అదిరింది. రేకు డబ్బా అన్న చోట, కింద, గుండె కింద తగిలే దెబ్బ ఉంది. మూడో పాటలో ఆ కాళ్ళు వేస్తున్న దెబ్బ విని మామ కళ్ళు తెరిచాడు. "ఇది పలక దెబ్బ గదా" అన్నాడు. మా వైపు జాతరల్లో, శవయాత్రల ముందు నడుస్తూ కొట్టే తోలు పలకల దరువు. మునిరత్నం దాన్ని చేతుల్లోంచి తీసి కాళ్ళల్లో పెట్టాడు. చేతులు పైన ఏడు దెబ్బల తాళం నడుపుతుంటే కాళ్ళు కింద పలక కొడుతున్నాయి. ఆ ఆల్బమ్‌కు ప్రాణం ఎక్కడుందంటే ఆ కాళ్ళల్లోనే ఉంది. నేను లేవన్నది వాటినే.

ఏడుపు వచ్చింది. ఏడుస్తూనే, ఇంటికి పోయి ఆ సమీక్ష చెరిపేస్తానన్నాను. ఎవరికీ తెలియదు, చెరిపేసి ఊరుకుంటానన్నాను.

"సెరపబాక. అది అట్లే ఉండల్ల. దాని కింద నిజం రాయి." బ్యాటరీని డ్రాయరులో పెడుతూ, "రాస్తే గూడా సాలదు. ఆ పిల్లోని ఎదురుగా పోయి నిలబడల్ల" అన్నాడు. తర్వాత అసలు ప్రశ్న అడిగాడు. "అయిదు సుట్లు ఇన్న్యానంటివే?"

"ఒకటిన్నర మామా."

"ఊఁ" అన్నాడు. అంతకుమించి ఆ మాట ఎత్తలేదు.

మరుసటి ఆదివారం ఇద్దరం తిరుపతి బస్సెక్కాం. అంగడికి ఆదివారమే గిరాకీ ఎక్కువ, అయినా మూసేశాడు. రెండు పెట్టెలు బస్సు పైన, ఆంప్లిఫయరు మామ ఒళ్ళో. కండక్టరు ఏ ఊళ్ళో మీటింగు అని అడిగితే, "మీటింగు గాదప్పా, పంచాయితీ" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. మునిరత్నం వాళ్ళది రేణిగుంట రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు, సగం టైర్ల రిపేరు, సగంలో వాళ్ళ వాయిద్యాలు. సన్నగా, నల్లగా, చేతులనిండా గ్రీజుతో ఉన్నాడు. నన్ను చూసి మామ కూతురేమో అనుకున్నాడు. నేనే రంపమని చెబితే కాసేపు అతనికి అర్థం కాలేదు.

"మీరా?" అన్నాడు. తర్వాత గొంతు మారింది. "ఇంగేం మిగిలుండాది రాసేదానికి?"

జరిగింది చెప్పాను. మామ మధ్యలో కల్పించుకోలేదు, చెప్పడం నా పనేనన్నట్టు పెట్టెలు దించి సర్దుకుంటున్నాడు. అంతా అయ్యాక, "ఊరికే మాటలెందుకు, ఇను" అని మొదట తప్పు తీగల్తో మూడో పాట పెట్టాడు. మునిరత్నం తన ఆల్బమ్‌ను నేను విన్నట్టుగా విన్నాడు. అతని ముఖం చూడలేకపోయాను. "ఇట్ల ఇన్న్యావా నువ్వు?" అన్నాడు, మీరు కాస్తా నువ్వయింది. అవునన్నాను. మామ తీగ తిరగేశాడు. షెడ్డు రేకులు అదిరాయి. పాట అయిపోయేదాకా మునిరత్నం కుడికాలు నేల మీద దానంతటది కదులుతూనే ఉంది.

"ఒక్కసారి ఇని రాసేసినావు" అన్నాడు చివరికి. "మేము ఎనిమిది నెలలు సేసినాం."

"క్షమించు" అన్నాను. అక్కడే, ఆ బాధలో, "నేను మళ్ళీ రాస్తాను, తొమ్మిది వేస్తాను" అన్నాను.

మామ ఆంప్లిఫయరు ఆపేశాడు. మొదటిసారి ఆయన గొంతులో కోపం విన్నాను. "నీ తప్పుకు మార్కులు వెయ్యబాక పాపా. అప్పుడు రెండేసింది అబద్ధం, ఇప్పుడు తొమ్మిదేస్తే అదీ అబద్ధమే. ఆ పిల్లోడు అడిగింది ఇదా?"

మునిరత్నం తల అడ్డంగా ఊపి, "నాలుగో పాట సాగదీసినామన్నావు గదా, అది మాత్రం నిజమే. గిటారోనికి నేనూ సెప్పినాను, ఇనలా" అన్నాడు. ముగ్గురం అక్కడే కూర్చుని, టైర్ల మీద టీ గ్లాసులు పెట్టుకుని, అయిదు సుట్లు విన్నాం. సాయంత్రమైంది. ఆరున్నర అన్నాను. మునిరత్నం ఏడు అన్నాడు. మామ, "నాకు నాలుగో పాట గూడా బాగానే ఉండాది, కానీ రాసేది నువ్వు" అన్నాడు. ఆరున్నరే నిలిచింది. అప్పుడు ఒక్కసారి మునిరత్నం నవ్వాడు.

తిరుగు బస్సులో చంద్రగిరి దాటాక మామను అడిగాను. "ఈ పొద్దు నాకెన్ని మార్కులు మామా?"

"ఒగ సుట్టుకే మార్కులా? ఇంగా ఇనల్ల" అని కళ్ళు మూసుకున్నాడు.

నేను రాశాను. పాత సమీక్ష అలానే ఉంచి, కింద తీగల కథంతా, ఒకటిన్నర సుట్టు సంగతితో సహా, నా అసలు పేరుతో రాశాను. కొందరు మెచ్చుకున్నారు, చాలామంది ఎగతాళి చేశారు, 'రంపానికి పళ్ళు లేవు' అని ఎవరో రాశారు. అది నాకు తగిన మాటే. కానీ ఆ ఉత్సవం అప్పటికే అయిపోయింది. వాళ్ళ గిటారు కుర్రాడు ఆ ఎండాకాలమే ఉద్యోగానికి బెంగుళూరు పోయాడు. ఎర్రదుంగ రెండో ఆల్బమ్ రాలేదు. నా రెండు మార్కుల వల్లే బ్యాండు చెదిరిపోయిందని చెప్పలేను, కాదని కూడా చెప్పలేను. మునిరత్నం ఇప్పుడూ అదే రోడ్డులో టైర్ల అంగడి నడుపుతున్నాడు. ఎప్పుడైనా బండికి గాలి కొట్టించుకోవడానికి ఆగితే బాగా మాట్లాడతాడు. డ్రమ్ముల సంగతి అతను ఎత్తడు, నేనూ ఎత్తను.

తిరుపతి నుంచి వచ్చాక మామ నా పెట్టెల్ని రెండు రోజులు అంగడిలో ఉంచుకుని, మరలన్నీ బిగించి పంపాడు. "ఇంగ ఇప్పబాక, ఇప్పే పని లేదు" అన్నాడు. నిజంగానే ఇన్నేళ్ళూ పని పడలేదు. పెళ్ళయి తిరుపతికి వచ్చినప్పుడు సామానులో మొదట ఎక్కించింది ఆ పెట్టెల్నే. చివరి రోజుల్లో మామకు చూపు తగ్గింది, అంగడి మూసేశాడు. చూడటానికి పోతే మంచం మీద నుంచే, "కొత్త గోల ఏమన్నా వచ్చినాదా" అని అడిగేవాడు. నేను ఫోను ఆయన అరచేతిలో పెట్టేదాన్ని. ఆ చిన్న స్పీకరు మీద గోరు ఆనించి వినేవాడు.

ఇప్పుడు నా ప్రతి సమీక్షకూ మొదటి వాక్యం ఒకటే తీరు. ఏ స్పీకర్లలో విన్నాను, ఏ గదిలో, ఎన్ని సుట్లు. దేశదేశాల పాఠకులు దాన్ని నా ప్రత్యేకత అనుకుంటారు. కొందరు ఉత్తరం రాసి, ఆ వాక్యం ఎందుకు, ఆ పాత తప్పు సమీక్ష ఇంకా ఎందుకు ఉంచావు అని అడుగుతారు. జవాబు రాయాలంటే ఇంత పొడుగు రాయాలి కాబట్టి ఎవరికీ రాయలేదు.

ఇదంతా తలచుకుంటూ ఉండగానే ఈ పొద్దు జిగురు ఆరింది. తీగ కొసలు ఒకసారి చూద్దామని స్పీకరును పెట్టెలోంచి పైకి తీసి, బోర్లించి, అయస్కాంతం మీది దుమ్ము తుడిచాను. తెల్ల పెన్సిలు రాత బయటపడింది. నాకు బాగా తెలిసిన ఆ వంకర అక్షరాలు.

'కోను మంచిదే. తీగ తిరగబడింది. పాప మొదట చెరిపేద్దామనింది. తర్వాత పోయి చెప్పింది. పదికి ఆరున్నర. అబ్బాస్.'

స్పీకరు ఒళ్ళో పెట్టుకుని మళ్ళీ చదివాను. చెరిపేద్దామన్న మాటను కూడా వదిలిపెట్టలేదు మనిషి. నన్ను ఎంత ముద్దుగా చూసేవాడో నాకు తెలుసు, అయినా ఒక్క అర మార్కు ఎక్కువ వేయలేదు. తొమ్మిది వేసి ఉంటే ఈ పొద్దు నాకు ఇంత ఏడుపు వచ్చేది కాదు. మా ఆయన వరండాలోంచి వచ్చి ఏమైందని అడిగితే, మార్కులొచ్చాయని చెప్పాను.

తర్వాత లేచి, మా అమ్మాయి పెన్సిళ్ళ డబ్బాలో తెల్లది వెతికి తెచ్చుకున్నాను. మామ రాత కింద ఖాళీ ఉంది. 'అంచు ఊడింది. జిగురు పూసినాను. పది రోజులు ఆలస్యం చేసినాను' అని రాసి నా పేరు పెట్టాను. స్పీకరు బిగించాను, ముందు పలక వేసి మరలు తిప్పాను. డ్రాయరులోంచి టార్చి బ్యాటరీ తీసి తీగ కొసలకు తాకించాను. కుడిది ముందుకు వచ్చింది. ఎడమది ముందుకు వచ్చింది. తీగలు ఆంప్లిఫయరుకు కలిపి, ఈ వారం రాయవలసిన ఆల్బమ్ పెట్టుకుని, రెండు పెట్టెలకూ మధ్యన నేల మీద కూర్చున్నాను. ఈ సుట్టు డ్రమ్ములు మాత్రమే.